షార్ట్‌స్టాప్ కోసం ఉపవాస ప్రార్థన

రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా నవంబరు నెల వస్తే నాకు అరచేతులు చెమట పడతాయి. మా ఆయన అది షుగరేమో అన్నాడు. టెస్టులన్నీ చేయించాడు, ఏమీ తేలలేదు. అది షుగర్ కాదు, బేస్‌బాల్ అని నేను చెబితే నవ్వుతాడు.

లెక్కల ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. మోడల్ ఎలా కట్టాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అని అడుగుతారు. వాటికి నాకంటే బాగా జవాబు చెప్పేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక పందెం సంగతి. పందెం వేసింది నేను కాదు. నేను బల్లకు అవతలి వైపు కూర్చున్న మనిషిని.

కెనడా వచ్చిన కొత్తలో, విన్నిపెగ్‌లో ఉన్నన్నాళ్ళూ ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేశాను. మనుషులు ఏ వయసులో పోతారో లెక్క వేసి ప్రీమియం తేల్చే పని. టొరంటో దగ్గరి రిచ్‌మండ్ హిల్‌కి మారిన కొన్నేళ్ళకు ఒంటారియోలో ఆన్‌లైన్ బెట్టింగ్‌కి అనుమతి వచ్చింది. కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. అందులో ఒకటి నన్ను పిలిచింది. నా పని ఆటల పందేలకు ధర కట్టడం, అంటే ఎవరి మీద వేస్తే ఎంతకు ఎంత ఇవ్వాలో తేల్చడం. జీతం బాగుంది, రోజూ రైలెక్కి టొరంటో వెళ్ళిరావాలి.

చిక్కల్లా చర్చిలో వచ్చింది. మేం కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులం. మా పుట్టింట్లో పేకముక్క కూడా ఉండేది కాదు. దాచడం ఎందుకని మా తెలుగు సంఘం పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన గడ్డం నిమురుకున్నారు. "ఇన్నాళ్ళూ చావుల మీద లెక్కలు కట్టావమ్మా, అప్పుడెవరూ ఏమీ అన్లేదు. సరే, నువ్వు మాత్రం ఆడకు."

"ఆడితే ఉద్యోగం పోద్ది అయ్యగారూ. మాకు రూలు."

"అయితే మా రూలు కంటే మీదే గట్టిది," అన్నారాయన.

ఆ తర్వాత ఆదివారం ఆరాధన అయ్యాక టీ దగ్గర ఎవరో ఒకరు నా పక్కకు జరిగి, ఈ రోజు ఎవరు గెలుస్తారు సిస్టర్ అని గొంతు తగ్గించి అడగడం మామూలైపోయింది. తెలిస్తే ఇక్కడ నిలబడి సమోసాలు పంచుతుంటానా అని నేను కసురుకోవడం కూడా మామూలే.

బేస్‌బాల్‌లో ఏటా కొత్తగా అడుగుపెట్టిన కుర్రాళ్ళలో ఉత్తముడికి ఒక బహుమతి ఇస్తారు. అది పరుగులు లెక్కపెట్టి ఇచ్చేది కాదు. క్రీడా విలేకరులు ఓటు వేస్తారు. సీజన్ ముగియగానే ఓట్లు పడిపోతాయి. ఫలితం మాత్రం నవంబరులో ఒక సాయంత్రం టీవీలో చెబుతారు. మధ్యలో ఆ వారాలన్నీ మా కంపెనీ పందేలు తీసుకుంటూనే ఉండేది. తేలిపోయిన విషయం మీద పందేలేమిటని నాకు మొదటి నుంచీ గుబులుగానే ఉండేది. ఎవరైనా ఒక విలేకరి తన బావమరిదికి చెబితే చాలదా?

ఆ ఏడు వేసవిలో మా ప్రచార విభాగం వాళ్ళు నన్నొక పట్టిక అడిగారు. ఇన్నేళ్ళుగా ఆ బహుమతి ఏ స్థానంలో ఆడేవాళ్ళకు ఎక్కువగా వచ్చిందో చెప్పే పట్టిక. షార్ట్‌స్టాప్ అంటే మైదానం మధ్యలో, రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ నిలబడే ఫీల్డరు. బంతి ఎక్కువగా అటే వస్తుంది, అందరి కళ్ళూ అతని మీదే. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. పట్టికలో షార్ట్‌స్టాప్‌లూ, దూరంగా నిలబడే అవుట్‌ఫీల్డర్లూ పైన ఉన్నారు. క్యాచర్లు అడుగున ఎక్కడో ఉన్నారు. ఇది గెలిచినవాళ్ళ జాబితా మాత్రమే, దీన్ని బట్టి రాబోయేది చెప్పలేమని నేను కింద ఒక ముక్క రాశాను. ప్రచారం వాళ్ళు దాన్ని భూతద్దం పెట్టి వెతుక్కునేంత చిన్న అక్షరాల్లో వేశారు. పైన మాత్రం చరిత్ర షార్ట్‌స్టాప్‌ల వైపే అని పెద్ద శీర్షిక పెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి గొడవపడ్డాను. మార్చలేదు.

మా బల్ల దగ్గర నాకు ఎదురుగా కూర్చునే అతను కాలేజీ రోజుల్లో క్యాచర్‌గా ఆడినవాడు. ఈ దేశంలోనే పుట్టాడు, మోకాళ్ళు అరిగిపోయాయి, లేచేటప్పుడల్లా కుర్చీ పట్టుకుని మూలిగేవాడు. నా పట్టిక చూసి అతను నాతో వారం రోజులు పేచీ పెట్టుకున్నాడు. "క్యాచర్లు ఎందుకు గెలవరో తెలుసా? మోకాళ్ళు పోతాయని కోచ్‌లు కొత్తవాళ్ళని రోజూ ఆడించరు. ఆడకపోతే ఓట్లెవరేస్తారు? ఈ ఏడు ఒక టీమ్‌లో పాత క్యాచర్‌కి దెబ్బ తగిలింది. కొత్త కుర్రాడు రోజూ ఆడుతున్నాడు. నీ చరిత్ర అతనికి వర్తించదు," అన్నాడు. ఆలోచిస్తే అతని మాటలో పస ఉంది. సీజన్ చివరికి ఆ క్యాచర్ కుర్రాడు నిజంగానే ఎగబాకాడు. అప్పటిదాకా ముందున్న షార్ట్‌స్టాప్ కుర్రాడు కొంచెం చల్లబడ్డాడు. చివరి జాబితాలో ఇద్దరూ మిగిలారు.

బహుమతి ప్రకటనకు ముందు వారం, శుక్రవారం గృహకూడిక మా చర్చి తమ్ముడొకరి ఇంట్లో జరిగింది. ఇతను కూడా విన్నిపెగ్ మీదుగానే ఇటు వచ్చినవాడు. ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం. భార్య వృద్ధుల హోమ్‌లో నైట్ డ్యూటీలు చేసేది. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, పైసా పైసా కూడబెట్టి, ఊరికి ఉత్తరాన ఒక టౌన్‌హౌస్ మాట్లాడుకున్నారు. డిసెంబరులో క్లోజింగ్, అంటే రిజిస్ట్రేషన్. ఆ రోజుకు మిగతా డౌన్‌పేమెంట్ లాయర్‌కి చేరకపోతే అడ్వాన్సూ పోతుంది, ఇల్లూ పోతుంది. ఆ ఇంటి కోసం సంఘమంతా ముందే కృతజ్ఞతా స్తోత్రాలు కూడా చెల్లించేసింది.

పాటలయ్యాక ప్రార్థన అంశాలు చెప్పే వేళ అతను లేచి నిలబడ్డాడు. "నాదొక చెప్పుకోలేని అంశం ఉందండి. వచ్చే సోమవారం సాయంత్రం తేలిపోద్ది. వీలైనవాళ్ళు ఆ రోజు ఉపవాసముండి ప్రార్థన చేయండి. సాయంత్రం అందరూ మా ఇంటికే రండి."

మా సంఘంలో చెప్పుకోలేని అంశమంటే ఎవరూ ఆరా తీయకూడదు. రోగమో, కాపురంలో గొడవో, ఇమిగ్రేషన్ చిక్కో అయ్యుంటుందని ఊహించుకుని జాలిగా తల ఊపి ఊరుకోవాలి. అందరూ తల ఊపారు. ఆ బహుమతి ప్రకటించేది కూడా సోమవారం సాయంత్రమే. సోమవారం సాయంత్రం ఏమిటో ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఏ ఆసుపత్రి రిపోర్టులు సాయంత్రం వస్తాయి? ఏ ఇమిగ్రేషన్ ఉత్తరానికి ముందుగా వేళ చెబుతారు? ఛ, నీ బుద్ధి ఎప్పుడూ ఇంతే, ఉద్యోగం తలకెక్కింది అని నన్ను నేనే తిట్టుకున్నాను.

వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే అతను ఫోన్ పట్టుకుని నా పక్కకు వచ్చాడు. ఫోన్‌లో నా పట్టిక ఉంది.

"ఇది మీ కంపెనీదే కదాంటీ? చూడండి, షార్ట్‌స్టాప్‌లు ఎక్కడున్నారో. క్యాచర్లు ఎక్కడున్నారో."

"నేను చేసిందే అది. నువ్వేం చేశావ్?"

"వేశానండీ."

"ఏ మాత్రం వేశావ్?"

అతను వంటగది వైపు చూశాడు. భార్య మిగిలిన కూరలు డబ్బాల్లో సర్దుతోంది. "ఇంటి డబ్బులో చాలా వరకూ. ఒకేసారి కాదాంటీ, ఒకేసారి తీసుకోరు కదా. వారం వారం, చీటీ కట్టినట్టు. లాస్ట్ ఇయర్ ఇలాగే ఒకటి తగిలింది, చిన్నది. అప్పుడు కూడా ప్రార్థన చేసే వేశా."

"ఆ పిల్లకి తెలుసా?"

"సర్‌ప్రైజ్ ఇద్దామని."

 మా ఆయన బయట కారు హారన్ కొడుతున్నాడు.

నేను ఏమేం చేయకూడదో ఆ సాయంత్రమే మనసులో లెక్క వేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి మా నియమాలు చూసే కంప్లయన్స్ అధికారికి విషయం చెప్పాను. నాకు తెలిసిన మనిషి పందెం వేశాడని చెప్పడం మా విధి. ఆయన నాకు మూడు ముక్కల్లో తేల్చాడు. అతని ఖాతా తెరిచి చూడకూడదు. రాబోయే ధరల గురించి ఒక్క మాట అనకూడదు. బయట అందరికీ తెలిసిన విషయం ఏదైనా మాట్లాడుకోవచ్చు. పందేల అలవాటు మానడానికి సాయం కావాలంటే అతనే అడగాలట.

ఆ శనివారమే అతన్ని కాఫీకి పిలిచాను. బయట గాలి ఈడ్చి కొడుతోంది. అతను ఉల్లాసంగా వచ్చాడు, ఇంట్లో ఏ గదికి ఏ రంగు వేస్తారో చెప్పాడు. నేను పట్టిక తెరిచాను.

"నువ్వు ఇంటర్ ఎక్కడ చదివావ్?"

చెప్పాడు. కోస్తాలో పేరున్న కార్పొరేట్ కాలేజీ.

"రిజల్ట్స్ వచ్చిన రోజు పేపర్లో మీ కాలేజీ యాడ్ వేసేవాళ్ళు కదా. ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు, వరసగా ఫోటోలు. అందులో నీ ఫోటో ఉందా?"

"నాదెందుకుంటదాంటీ!" అని నవ్వాడు.

"మీ సెక్షన్‌లో ఎంతమంది ఫోటోలున్నాయి?"

"ఒక్కడిది కూడా లేదు."

"ఇది కూడా అదే యాడ్ నాయనా. గెలిచిన షార్ట్‌స్టాప్‌ల ఫోటోలే ఉన్నాయి. ఏటా ఎంతమంది షార్ట్‌స్టాప్‌లు ఓడిపోయి ఇంటికి పోయారో ఇందులో లేదు. పైగా ఈ సంగతి నీకంటే ముందే మాకు తెలుసు కదా, ధర కట్టేటప్పుడే కలిపేస్తాం. నీ దగ్గరున్నది రహస్యం కాదు." క్యాచర్ రోజూ ఆడిన సంగతీ, అందుకే చరిత్ర ఇక్కడ పనికిరాదన్న సంగతీ, అన్నీ చెప్పాను. అవన్నీ పేపర్లో వచ్చినవే.

అతను కాఫీ కప్పు మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. "తప్పుగా అనుకోకండాంటీ. నేను గెలిస్తే మీ కంపెనీకి లాస్. మీరు ఆపమనే చెప్తారు."

కోపంతో నా చెవులు వేడెక్కాయి. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అంతకంటే నరకం ఇంకొకటుంది. సోమవారం పొద్దున క్యాచర్‌ని ముందుకు తేవాలని, అంటే గెలిచే అవకాశం అతనికే ఎక్కువన్నట్టు ధరలు మార్చాలని మేం అప్పటికే నిర్ణయించుకున్నాం. పందెం తేలకముందే వెనక్కి తీసుకునే వీలుంది, దాన్ని క్యాష్ అవుట్ అంటారు, పెట్టినదాంట్లో కొంత తిరిగొస్తుంది. ధర మారితే ఆ వచ్చేది ఇంకా తగ్గిపోతుంది. అంటే ఈ రోజు బయటికొస్తే అతనికి ఎక్కువ మిగులుతుంది, సోమవారం అయితే తక్కువ. ఇది నా నాలుక చివర ఉంది. చెబితే నేరం. చెప్పకపోతే అతని ఇల్లు. నాలుక పళ్ళ మధ్య పెట్టి నొక్కి పట్టుకున్నాను.

చివరికి నేననగలిగింది ఒక్కటే. "సోమవారం నీ భార్య నైట్ డ్యూటీ చేసి వచ్చి, నీ షార్ట్‌స్టాప్ కోసం పస్తుంటుంది. దేనికోసమో తెలియకుండా. అది ఒకసారి ఆలోచించుకో."

అతను లేచాడు. నా కాఫీకి కూడా తనే కార్డు గీకి వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చిలో నా కళ్ళలోకి చూడలేదు. పాస్టరు గారు వేదిక మీద నుంచి రేపటి ఉపవాస ప్రార్థన మరిచిపోవద్దని గుర్తు చేశారు. ముసలమ్మలు కూడా ఉంటామని చేతులెత్తారు. నేనూ ఎత్తాను. దేనికోసం ప్రార్థించాలో నాకు తెలియలేదు. అతను గెలవాలని అడిగితే నా ఉద్యోగానికి ద్రోహం, ఓడిపోవాలని అడిగితే ఆ పిల్లకు ద్రోహం. దేవా, నువ్వే చూసుకో అని ఊరుకున్నాను.

సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళగానే క్యాచర్‌ని ముందుకు తెచ్చాం. మీట నొక్కింది నేనే. ఎదుటి కుర్చీ మిత్రుడు సంబరంగా చేతులు రుద్దుకుంటూ డోనట్ల పెట్టె నా ముందుకు తోశాడు.

"వద్దు, ఉపవాసం."

"దేనికి?"

"చెప్పుకోకూడదు."

"మీ మతం మన కంప్లయన్స్ వాళ్ళకంటే కఠినంగా ఉందే," అన్నాడు. నేను పెట్టెను అతని వైపే తోసేశాను.

మధ్యాహ్నం మార్కెట్ మూసే వేళ. ముందే ప్రకటించిన వేళ అది. ఆ తర్వాత ఎవరూ వేయలేరు, ఎవరూ తీసుకోలేరు. అదీ నా పనే. తెర మీద కొత్త పందేలూ, వెనక్కి తీసుకున్నవీ గుంపుగా అంకెలుగా కదులుతుంటాయి. పేర్లుండవు. ఆ అంకెల్లో అతనున్నాడా లేడా? ఖాతా తెరిస్తే క్షణంలో తెలుస్తుంది. తెరవలేదు. జీవితంలో మొదటిసారి మేనేజర్‌ని అడిగాను, ఇంకాసేపు ఉంచుదామా అని. ఆవిడ నా మొహం కేసి వింతగా చూసి, ఎందుకు అంది. నా దగ్గర చెప్పదగ్గ కారణం లేదు. నొక్కాను. చెయ్యి మౌస్ మీద నుంచి తీస్తే అక్కడ తడి మరక ఉంది.

సాయంత్రం వాళ్ళ బేస్‌మెంట్‌లో కాలు పెట్టే చోటు లేదు. అందరూ ఆకలి మొహాలతో ఉన్నారు. పాస్టరు గారు, ఈ తమ్ముడి హృదయవాంఛ నీకు తెలుసు ప్రభువా అని కన్నీళ్ళతో ప్రార్థించారు.  ఇంతమంది మంచివాళ్ళు ఒక కుర్ర షార్ట్‌స్టాప్ కోసం మోకాళ్ళ మీద ఉన్నారు, ఆ సంగతి వాళ్ళకు తెలియదు. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఫోన్ ఒళ్ళో బోర్లించి పెట్టుకున్నాడు.

ప్రార్థన ముగిసింది. అతను ఫోన్ తిప్పాడు. నేనూ నా ఫోన్ చూశాను.

షార్ట్‌స్టాప్ గెలిచాడు.

నేను తలెత్తి చూశాను. గెలిచినవాడి మొహం అలా ఉండదు. పెదవులు తెల్లబడిపోయాయి. అది చూసి నాకు అర్థమైంది.

పక్కనున్న పెద్దాయన భుజం తట్టి అడిగాడు. "జవాబొచ్చిందా తమ్ముడూ?"

"వచ్చిందండి," అన్నాడతను. కారు మీద మంచు దులిపి వస్తానని మెట్లెక్కాడు. మంచు అప్పుడే మొదలైంది, దులిపేంత లేదు. నేను వెనకే వెళ్ళాను.

"ఎప్పుడు తీసేశావ్?"

"మధ్యాహ్నం. మీరు క్లోజ్ చేసే ముందు." నా వైపు చూడలేదు. "పొద్దున క్యాష్ అవుట్ రేటు పడిపోయింది, భయమేసింది. అయినా ఉంచేద్దామనుకున్నా. ఈవిడ డ్యూటీ నుంచొచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మోకాళ్ళ మీద కూర్చుందాంటీ. చూడలేకపోయా."

"ఇల్లు?"

"ఇల్లు పోదు. కొంచెం ఎక్కడన్నా సర్దుకోవాలి." అప్పుడు నా వైపు తిరిగాడు. "మీరు నోరు మూసుకునుంటే ఈ పాటికి నా లైఫ్ మారిపోయుండేది."

నిజమే. నేను చెప్పిందంతా సరైనదే, గెలిచింది మాత్రం అతను నమ్మిందే. పిల్లలూ, ఈ ఉద్యోగంలో మీకూ ఇలాంటి రోజు వస్తుంది. ఆ రోజు సమర్థించుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. మర్నాడు ఆఫీసులో క్యాచర్‌ని ముందుకు తెచ్చినందుకు నేనూ నా మిత్రుడూ సంజాయిషీ ఇచ్చుకున్నాం. చరిత్రే గెలిచిందిగా అని ప్రచారం వాళ్ళు నా పట్టికను ఇంకా పెద్ద అక్షరాల్లో మళ్ళీ వేశారు. ఆ తమ్ముడు చాలాకాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు. శనివారం నాటి మాటలు మళ్ళీ చెప్పాల్సి వస్తే మళ్ళీ అవే చెబుతాను. అయినా చేతులు చెమట పడతాయి.

ఆ సాయంత్రం నేను లోపలికి తిరిగి వచ్చేసరికి అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ పిల్ల వంటగదిలో సాంబారు గిన్నె దగ్గర ఒక్కతే ఉంది. నైట్ డ్యూటీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి గరిటె పక్కన పెట్టింది.

"ఆయన ఓడిపోయాడు కదాంటీ?" అంది మెల్లగా.

 "నీకు తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు. ఇద్దరిదీ ఒకటే బ్యాంక్ అకౌంట్."

"మరి అడగలేదేమే?"

"అడిగితే ఆపుతాడా? లాస్ట్ ఇయర్ గెలిచాడుగా, అప్పట్నుంచీ నా మాట చెవికెక్కట్లేదు." చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంతమంది ఆయన అంశం నెరవేరాలని ఉపవాసమున్నారు. నేను మాత్రం ఓడిపోవాలని ఉన్నానాంటీ. ఇంకోసారి గెలిస్తే మాకింక ఇల్లు మిగలదు."

ఏ ఆట, ఎవరు గెలిచారు అని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. పళ్ళెంలో అన్నం పెట్టి, సాంబారు పోసి, నా చేతికిచ్చింది.

"చలిలో నిలబడుంటాడు. ముందు ఆయనకివ్వండి, పొద్దున్నుంచీ ఆయన కూడా ఏమీ తిన్లేదు."